సరకుకు గడువుంది, డ్రైవరుకు సెలవేదీ?

నకిరేకల్: అర్ధరాత్రి దాటాక నకిరేకల్ బైపాస్ పక్కన ఒక లారీ ఆగుతుంది. ఇంజను ఆపరు. ఊళ్లోంచి మోటారు సైకిలుపై తమ్ముడో, బావమరిదో టిఫిను డబ్బా, ఉతికిన బట్టల సంచి పట్టుకొని వస్తాడు. ఒక్కోసారి నిద్రమొహంతో చిన్నపిల్లవాడు కూడా వెంట ఉంటాడు. డ్రైవరు పిల్లవాణ్ణి ఎత్తుకొని, నాలుగు మాటలు మాట్లాడి, పది నిముషాలలో మళ్లీ బండెక్కుతాడు. ఇల్లు దగ్గరలోనే ఉన్నా పోయే వీలు లేదు. తెల్లవారేసరికి లోడు విజయవాడ దాటాలి.

ఈ ప్రాంతంలోని లారీ డ్రైవర్ల కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. పుణె నుంచి హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నం వరకు పోయే జాతీయ రహదారి నకిరేకల్‌కు జీవనాడి. ఒకప్పుడు 9వ నంబరు రహదారిగా అందరికీ తెలిసిన ఈ దారి 2010లో 65వ నంబరుగా మారింది. పాత రోజుల్లో లారీలన్నీ ఊరి నడుమ నుంచే పోయేవి. ఇంటి ముందు బండి ఆపి, నాలుగు చెంబులు పోసుకొని, కడుపునిండా తిని పోవడానికి డ్రైవరుకు వీలు ఉండేది. 2012 ప్రాంతంలో నాలుగు వరుసల రోడ్డు పూర్తయ్యాక లారీలు బైపాస్ పట్టాయి. ప్రయాణం సుఖమైంది, సమయం కలిసివచ్చింది. కాని కలిసివచ్చిన ఆ సమయం డ్రైవరు ఇంటికి చేరలేదు.

"నాయినా, ఎప్పుడొస్తవు?" అని ఫోనులో పిల్లలు అడిగే మాటకు చాలామంది డ్రైవర్ల వద్ద సమాధానం లేదు. రేపో, ఎల్లుండో అంటారు. ఆ ఎల్లుండి వారం అవుతుంది, పదిహేను రోజులవుతుంది. ఇంటికి దూరంగా ఉండవలసి రావడం ఈ వృత్తిలో తప్పదని అందరికీ తెలుసు. ఎన్నాళ్లు దూరంగా ఉండాలో, ఏ రోజున తిరిగివస్తారో ముందుగా తెలియకపోవడమే అసలు బాధ.

నడిపేది తక్కువ, నిలిచేది ఎక్కువ

లారీ డ్రైవరు అంటే ఎప్పుడూ స్టీరింగు పట్టుకొని ఉంటాడని బయటివారు అనుకుంటారు. లెక్క వేసి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది.

మిర్యాలగూడ రైసు మిల్లు నుంచి చెన్నైకి బియ్యం లోడు ఎత్తిన లారీని ఉదాహరణగా తీసుకుందాం. దూరం సుమారు 500 కిలోమీటర్లు. సోమవారం ఉదయం బండి మిల్లు వద్ద పెడితే వంతు వచ్చి, హమాలీలు బస్తాలు ఎత్తి, కాటా, కాగితాలు పూర్తయ్యేసరికి రాత్రి అవుతుంది. దారిలో కొంత నిద్రపోయి బుధవారం తెల్లవారుజామున చెన్నై పొలిమేర చేరినా, పెద్ద నగరాలలో పగటిపూట భారీ లారీలకు ఆంక్షలు ఉంటాయి గనుక చీకటి పడేదాకా శివార్లలో ఆగవలసిందే. గురువారానికి సరుకు దిగుతుంది. అక్కడి నుంచి ఖాళీ బండితో తిరిగి వస్తే డీజిలు ఖర్చు కూడా రాదు. రిటన్ లోడు కోసం ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ముందు శుక్రవారమంతా పడిగాపులు పడాలి. శనివారం లోడు దొరికితే అది హైదరాబాదుకు. ఆదివారం బండి అద్దంకి రోడ్డు మీదుగా వచ్చి, నార్కెట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి హైదరాబాదు వైపు తిరుగుతుంది. నకిరేకల్ అటు పక్కనే ఉండిపోతుంది. సోమవారం హైదరాబాదులో సరుకు దిగేసరికి కొత్త లోడు సిద్ధంగా ఉన్నదని ఫోను వస్తుంది.

వారం రోజులంటే 168 గంటలు. లారీ సగటున గంటకు 35 కిలోమీటర్లు పోతుందనుకున్నా రానుపోను నడిపినది సుమారు 32 గంటలే. మిగిలిన 136 గంటలు వంతు కోసం, హమాలీల కోసం, కాగితాల కోసం, రిటన్ లోడు కోసం, లారీ నీడన కొంత నిద్ర కోసం గడిచిపోయాయి. ఆ గంటలలో డ్రైవరు పనిలో ఉన్నట్టు ఎవరూ లెక్క కట్టరు. అలాగని ఇంటి వద్దా లేడు.

సిమెంటు లోడ్లదీ ఇదే కథ. హుజూర్‌నగర్, మేళ్లచెర్వు, మట్టంపల్లి, వాడపల్లి ప్రాంతాల ఫ్యాక్టరీల ముందు వరుసలో నిలిచిన లారీలను చూసినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. సీరియల్ ఎప్పుడు వస్తుందో తెలియదు గనుక బండి వదిలి ఇంటికి పోయే ధైర్యం డ్రైవరుకు ఉండదు. అతడు ఇటు రాగానే అటు పిలుపు వస్తే వంతు పోతుంది. కొన్ని గంటల బస్సు ప్రయాణంలో ఇల్లు ఉన్నా రెండు రోజులు ఫ్యాక్టరీ గేటు ముందే గడిపేవారు ఉన్నారు.

నకిరేకల్ నిమ్మ మార్కెట్ నుంచి పోయే లోడ్లది మరొక రకం ఒత్తిడి. నిమ్మకాయ ఎండకు వాడితే ధర పడిపోతుంది. అక్కడ నిలబడే తీరిక ఉండదు, రాత్రంతా నడపవలసిందే. అంటే ఒక లోడు డ్రైవరును నిలబెట్టి విసిగిస్తే, మరొకటి నిద్ర లేకుండా పరుగెత్తిస్తుంది. రెండింటిలోనూ అతని ఇష్టానికి చోటు లేదు.

ఇంటి వద్ద ఉంటే రాబడి లేదు

లైను బండ్ల మీద పనిచేసే డ్రైవర్లలో చాలామందికి నెల జీతం నామమాత్రం. ట్రిప్పుకు ఇంత అని బత్తా, ట్రిప్పు మీద మిగిలే పైకమే వారి సంపాదన. బండి కదిలితేనే రాబడి. ఇంటి దగ్గర కూర్చున్న రోజు ఖర్చే గాని వచ్చేది ఉండదు. కనుక సెలవు ఇస్తామన్నా తీసుకోవడానికి వెనుకాడేవారూ ఉన్నారు. మరొక భయం కూడా లేకపోలేదు. వారం రోజులు ఇంటి వద్ద ఉంటే ఆ బండి మరొకరి చేతికి పోవచ్చు. తిరిగి బండి దొరికేదాకా ఎదురుచూడాలి.

ఇంటి వద్ద భారమంతా ఆడవారి మీద పడుతున్నది. పిల్లల బడి ఫీజు, అత్తమామల మందులు, రేషను, చీటీ పాట, పొలం ఉన్నవారికి దుక్కి, నాటు, కూలీల వెతుకులాట అన్నీ వారే చూసుకోవాలి. పిల్లవాడికి రాత్రివేళ జ్వరం వస్తే ఇరుగుపొరుగువారే దిక్కు. పెళ్లిళ్లకు, దినాలకు మగవాడు రాలేదని బంధువులు అనే మాటలు పడవలసినదీ ఆమే. మాఘమాసంలో దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర సాగే రోజులలో హైవే మీది వాహనాలను దారి మళ్లిస్తారు. ఊరివారంతా జాతరకు పోతుంటే, ఆ ఊరి డ్రైవరు మళ్లింపు దారిలో లారీ నడుపుతూ ఉంటాడు. చెరువుగట్టుకు అమావాస్య నాడు పోదామని ఇంట్లో మొక్కుకున్న మొక్కులు ఎన్ని అమావాస్యలు దాటిపోతాయో లెక్క లేదు.

వచ్చిన రోజైనా తీరిక ఉంటుందా అంటే అదీ అంతంతే. చెప్పకుండా వచ్చిన మనిషి మొదటి రోజంతా నిద్రపోతాడు. రెండవ రోజు టైర్ల పని, గ్రీజు పని అంటూ మెకానిక్ షెడ్డుకు పోతాడు. మూడవ రోజు ఫోను మోగుతుంది. పిల్లలు బడిలో ఉండగానే బండెక్కుతాడు. అదే ఫలానా ఆదివారం తప్పక వస్తాడని ముందే తెలిస్తే డాక్టరు వద్దకు పోవడమైనా, పొలం పనైనా, పెళ్లిచూపులైనా ఆ రోజుకు పెట్టుకోవచ్చు. తెలియకుండా దొరికే మూడు రోజుల కంటే తెలిసి వచ్చే ఒక్కరోజు కుటుంబానికి ఎక్కువ అక్కరకు వస్తుంది.

చట్టం ఉన్నది, లారీ దాకా రాలేదు

డ్రైవర్ల పనిగంటల మీద చట్టం లేదని అనుకుంటే పొరపాటు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదని అందులో ఉన్నది. దూర ప్రయాణాలకు అనుమతి మీద రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటల వరకు సడలింపు ఇచ్చారు. ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విరామం, ఒకరోజు పని ముగిశాక మరునాటి పనికి నడుమ తొమ్మిది గంటల విశ్రాంతి, ఏడు రోజులకు ఒకరోజు సెలవు ఇవ్వాలని ఆ చట్టం నిర్దేశించింది. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి 20 రోజుల పనికి ఒకరోజు చొప్పున జీతంతో కూడిన సెలవు హక్కు కూడా ఉండేది.

అయితే ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. మొదటిది, ఐదుగురు లేక అంతకు మించి కార్మికులు ఉన్న సంస్థలకే ఆ చట్టం వర్తించేది. దేశంలోని లారీలలో అధికభాగం ఐదు లోపు బండ్లున్న చిన్న యజమానులవే. ఒకటి రెండు లారీలు గల ఆసామి దగ్గర పనిచేసే డ్రైవరుకు అది అందలేదు. రెండవది, చివరి గమ్యంలో ఊరికే కాచుకొని ఉండే సమయం పదిహేను నిముషాల లోపైతేనే పనిగంటలలో చేరుతుందని ఆ చట్టం చెప్పింది. ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రోజులు కాచుకున్నవాడి సంగతి దానిలో ఇమడలేదు.

ఈ చట్టాన్ని 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌లో కలిపివేశారు. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. రోజుకు 8 గంటల పని, వారంలో ఆరు రోజులకు మించి పని చేయించరాదన్న నియమం అందులో కూడా ఉన్నాయి. కాని మోటారు రవాణా సంస్థలలో కార్మికుల సంఖ్య కనీసం పది ఉంటేనే అది వర్తిస్తుంది. ఐదు కాస్తా పది అయింది. చిన్న యజమాని వద్ద ఉన్న డ్రైవరు చట్టానికి మరికొంత దూరమైనాడు.

మరొక మార్పు కూడా చెప్పుకోదగినది. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధన గతంలో ఉండేది. చాలా బండ్లలో రెండవ డ్రైవరు కాగితాల మీదనే ఉండేవాడన్నది వేరే విషయం. 2018లో ఆ నిబంధననే తీసివేశారు. ఇప్పుడు ఒక్క డ్రైవరుతో దేశం ఆ చివర నుంచి ఈ చివరకు పోయినా అడిగేవారు లేరు.

ఇక సరకు సంగతి చూస్తే దానికి గడువు పక్కాగా ఉన్నది. 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు విధానం వచ్చింది. 2021 జనవరి 1 నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒకరోజు చొప్పున ఆ బిల్లు చెల్లుబాటవుతుంది. పైన చెప్పిన చెన్నై లోడుకు మూడు రోజులన్న మాట. గడువు దాటితే పొడిగించుకోవాలి, లేకపోతే జరిమానా. బియ్యం బస్తా ఏ రోజుకు గమ్యం చేరాలో కాగితం మీద ఉన్నది. ఆ బస్తాను మోసుకుపోయే మనిషి ఏ రోజుకు ఇల్లు చేరాలో ఎక్కడా రాసి లేదు.

కునుకు తీసే ప్రమాదం

ఇది ఒక్క డ్రైవరు ఇంటి గొడవగా భావించరాదు. ఎప్పుడు ఇంటికి పోతామో తెలియని డ్రైవరు వీలు దొరికిన ప్రతి గంటా నడిపి త్వరగా ముగించాలని చూస్తాడు. వరుసలో రెండు రోజులు నిలిచి విసిగినవాడు లోడు ఎత్తగానే రాత్రికి రాత్రి దూరం లాగాలనుకుంటాడు. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో వెల్లడించిన సర్వే ప్రకారం లారీ డ్రైవర్లు రోజుకు సగటున దాదాపు 12 గంటలు నడుపుతున్నారు. అలసటతో, నిద్రమత్తుతో నడిపిన సందర్భాలు ఉన్నాయని దాదాపు సగం మంది ఒప్పుకున్నారు.

తెల్లవారుజామున రెండు నుంచి ఐదు గంటల నడుమ మనిషి శరీరం నిద్రనే కోరుతుంది. టీ తాగినా, మొహం కడుక్కున్నా అది కొద్దిసేపే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా కదులుతుంది. నాలుగు సెకన్లు రెప్ప వాలితే 65 మీటర్లు దాటిపోతుంది. ఆ దూరంలో రోడ్డు దాటే మనిషి ఉండవచ్చు, ఆగి ఉన్న ట్రాక్టరు ఉండవచ్చు. హైవే పక్క పల్లెల ప్రజలకు ఈ ప్రమాదాల సంగతి బాగా తెలుసు.

విమాన పైలట్లకు మాదిరిగా లారీ డ్రైవర్లకు కూడా పనిగంటలు నిర్ణయించాలని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2021 సెప్టెంబరులో అన్నారు. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే లారీలలో డ్రైవరు క్యాబినుకు ఏసీ తప్పనిసరి చేశారు. ఎండకాలంలో అది మేలే. కాని చల్లని క్యాబినులో మరికొన్ని గంటలు ఎక్కువ నడపమంటారేమోనన్న శంకకు కూడా తావున్నది.

వేరే చోట్ల ఎట్లా ఉన్నది?

దూరం పోనక్కరలేదు. ఇదే రోడ్డు మీద ఆర్టీసీ బస్సు నడిపే డ్రైవరుకు డిపోలో డ్యూటీ చార్టు ఉంటుంది. రేపు ఏ బస్సు, ఎన్నింటికి, వారపు సెలవు ఎప్పుడు అన్నది ముందే తెలుస్తుంది. అక్కడా ఇబ్బందులు లేకపోలేదు. అయినా భార్యాపిల్లలకు చెప్పుకోవడానికి ఒక రోజు ఉంటుంది.

గూడ్సు రైలు నడిపే డ్రైవరు కూడా ఒక్కడే దేశమంతా తిరగడు. కాజీపేట వంటి పెద్ద స్టేషన్లలో అతడు దిగిపోతాడు, మరొకడు ఎక్కుతాడు. రైలు సాగిపోతుంది, మనిషి వెనుకకు మరలుతాడు. పూర్వం తపాలా సంచి మోసే రన్నర్లదీ ఇదే పద్ధతి. సంచి ముందుకు పోయేది, రన్నరు తన ఊరికి తిరిగి వచ్చేవాడు.

ఈ పద్ధతిని లారీలకు వర్తింపజేసినవారు మన దేశంలోనే ఉన్నారు. 2014లో మొదలైన రివిగో అనే సంస్థ దారి పొడవునా మజిలీలు పెట్టి, నాలుగైదు గంటల ప్రయాణం తర్వాత డ్రైవరును మార్చే ఏర్పాటు చేసింది. దిగిన డ్రైవరు ఎదురుగా వచ్చే బండిలో తిరిగి తన చోటికి చేరేవాడు. అయితే ఇందుకు బండ్లు, మజిలీలు, రెండువైపులా లోడు పెద్దఎత్తున ఉండాలి. ఖర్చు కూడా ఎక్కువే. 2022లో ఆ సంస్థ సరకు రవాణా వ్యాపారంలో ఒక భాగాన్ని మహీంద్రా లాజిస్టిక్స్ కొనుగోలు చేసింది.

ఐరోపా దేశాలలో లారీ డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిముషాలు ఆగాలి. మామూలుగా రోజుకు 9 గంటలకు మించి నడపరాదు. నడిపిన గంటలను బండిలోని యంత్రమే నమోదు చేస్తుంది. 2020 ఆగస్టు నుంచి అక్కడ మరొక నియమం వచ్చింది. నాలుగు వారాలకు ఒకసారైనా డ్రైవరు ఇంటికి చేరుకొనేలా పనిని ఏర్పాటు చేయవలసిన బాధ్యత యజమానిదేనని చట్టంలోనే చేర్చారు. ఇంటికి పోవడం అన్నది యజమాని దయగా కాక, లెక్కలోకి వచ్చే విషయమైంది.

యజమానుల కష్టమూ తక్కువ కాదు

లారీ యజమానిని దోషిగా నిలబెట్టి ఊరుకుంటే సరిపోదు. ఒకటి రెండు బండ్ల యజమానులలో చాలామంది నిన్నటి డ్రైవర్లే. నెల తిరిగేసరికి ఫైనాన్సు కిస్తీ కట్టాలి. ఇన్సూరెన్సు, టాక్సు, టైర్లు, టోలు ఉండనే ఉన్నాయి. బండి నిలిచిన రోజు కిస్తీ నిలవదు. కిరాయి నిర్ణయించేది యజమాని కాదు, పైనున్న ట్రాన్స్‌పోర్టువారు, సరుకు యజమానులు. లోడింగు ఆలస్యానికి హాల్టింగ్ చార్జీ అడిగితే మరొక బండిని పిలుస్తారు. మంచి డ్రైవర్లు దొరకడం లేదని, ఈ పనికి తమ కొడుకులను పంపడానికి డ్రైవర్లే ఇష్టపడడం లేదని యజమానులు వాపోతున్నారు. పని ఇష్టపడకపోవడానికి ఇంటికి పోయే దారి తెలియకపోవడం కూడా ఒక కారణమని వారు గుర్తించవలసి ఉన్నది.

చేయదగిన పనులు

పెద్ద చట్టాలు వచ్చేదాకా ఆగకుండా ఊరి స్థాయిలోనే కుదుర్చుకోగల ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. బండెక్కే ముందే ఎన్ని ట్రిప్పులకు ఒకసారి ఇంటికి రావాలో, ఎన్ని రోజులు ఉండాలో డ్రైవరు, యజమాని మాట్లాడుకోవాలి. ఒక బండికి ఇద్దరు డ్రైవర్లు పదిహేను రోజుల చొప్పున వంతులవారీగా నడిపే పద్ధతిలో బండి నిలవదు, మనిషి అలసిపోడు. ఇద్దరికీ రాబడి తగ్గుతుంది గనుక ఆ పదిహేను రోజులలో పొలం పనో, లోకల్ బండి పనో ఉన్నవారికి ఇది అనువుగా ఉంటుంది. రెండు మూడు బండ్ల యజమానులు కలిసి ఒక యాక్టింగ్ డ్రైవరును పెట్టుకుంటే సెలవు మీద పోయినవాడి బండి చేజారిపోదు. రిటన్ లోడు ఒప్పుకొనేటప్పుడు నెలకు ఒకటైనా నకిరేకల్, సూర్యాపేట వైపు దిగే లోడు చూసుకుంటే ఆ రాత్రి ఇంటి వద్ద గడుస్తుంది. హాల్టింగ్ చార్జీ వచ్చినప్పుడు అందులో డ్రైవరుకు వాటా ఉండాలి, ఎందుకంటే కాచుకున్నది అతడే.

ఫ్యాక్టరీలు, మిల్లుల వారు చేయవలసినదీ ఉన్నది. సీరియల్ ఎప్పుడు వస్తుందో ఫోను ద్వారా ముందే తెలిపితే గేటు ముందు గడిపే రెండు రోజులలో ఒకటి ఇంటి వద్ద గడుస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. కాచుకొనేవారికి నీడ, నీరు, స్నానానికి, నిద్రకు వసతి కల్పించడం కనీస ధర్మం. కార్మిక శాఖ, రవాణా శాఖ అధికారులు ఈ విషయంపై దృష్టి సారించి, చిన్న యజమానుల వద్ద పనిచేసే డ్రైవర్లకు కూడా వారపు సెలవు అందే మార్గం ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

ఏడాదిలో లారీకే సెలవు దొరికే రోజు ఒకటి ఉన్నది. దసరా నాడు బండి కడిగి, బంతిపూల దండలు వేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేస్తారు. ఆ రోజు డ్రైవరు కొత్త బట్టలతో ఇంటి వద్ద ఉంటాడు. ఆ రోజు వస్తాడని పిల్లలకు నెల ముందు నుంచే తెలుసు, వేళ్ల మీద లెక్క పెట్టుకుంటారు. అలా లెక్క పెట్టుకొనే రోజు నెలకు ఒకటైనా ఉంటే చాలునని డ్రైవర్ల కుటుంబాలు కోరుకుంటున్నాయి.